గోదావరి డెల్టాలో ఇంజనీరింగ్ కార్యక్రమాలు: ముందుగా తెలుసుకుని, ఎంచుకుని, సిద్ధమై వెళ్లడం ఎలా

సదస్సుకో కార్యశాలకో వెళ్లి వచ్చాక చేతిలో సర్టిఫికెట్ తప్ప ఇంకేమీ మిగలలేదని విద్యార్థులు అంటుంటారు. సెలవు పెట్టుకుని వెళ్లిన ఇంజనీర్లు కూడా అదే మాట అంటారు. నా అభిప్రాయంలో ఇందుకు ముఖ్య కారణం సన్నద్ధత లేకపోవడమే. రెండు రోజుల ముందు వాట్సాప్‌లో వచ్చిన బ్రోచర్ చూసి, అంశమేమిటో సరిగా చదవకుండా, స్నేహితులు వెళ్తున్నారని బయలుదేరితే ఎంత మంచి వక్త వచ్చినా ఆ రోజు వృథా అవుతుంది. కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ, భీమవరం, సూరంపాలెం, రాజమహేంద్రవరం, ఏలూరు, నరసాపురం, ఓడలరేవు ప్రాంతాల కళాశాలలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట, ఏడాదిలో మూడు నాలుగు కార్యక్రమాలను బాగా ఎంచుకుని వెళ్లగలిగితే చాలు.

ఏడాది క్యాలెండర్

తేదీ ప్రకటించే వరకు ఎదురుచూడనవసరం లేదు. ఇంజనీరింగ్‌కు సంబంధించిన కార్యక్రమాలు చాలావరకు కొన్ని నిర్దిష్టమైన రోజుల చుట్టూనే జరుగుతాయి కాబట్టి, వాటిని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, ఆయా తేదీలకు నెల రోజుల ముందు నుంచి ఆరా తీయడం మంచిది.

ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. సంక్రాంతి సెలవులు ముగిసి, సెమిస్టర్ పరీక్షలకు ఇంకా వ్యవధి ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే చాలా కళాశాలలు టెక్‌ఫెస్టులు, ప్రాజెక్ట్ ప్రదర్శనలు, పేపర్ ప్రెజెంటేషన్ పోటీలు పెట్టుకుంటాయి. మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. ఆ రోజు నుంచి వారం పాటు పరిశ్రమల్లో భద్రతా వారోత్సవాలు జరుగుతాయి. చమురు, సహజవాయువు బావులూ గ్యాస్ పైపులైన్లూ పొలాల మధ్య నుంచే వెళ్లే మన ప్రాంతంలో ఈ వారానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తుప్పు ఎలా మొదలవుతుంది, లీకును ఎలా కనిపెడతారు, సరఫరాను ఎక్కడ ఎలా ఆపుతారు అన్న విషయాలు కోనసీమలో పెరిగిన ఇంజనీరుకు పాఠ్యపుస్తకానికి పరిమితమయ్యేవి కావు. కాబట్టి మెకానికల్, కెమికల్, పెట్రోలియం విద్యార్థులు ఈ వారంలో ఏదైనా సాంకేతిక ప్రసంగం ఉందేమో తప్పక కనుక్కోవాలి.

మార్చి 22 ప్రపంచ జల దినోత్సవం. మే 15 సర్ ఆర్థర్ కాటన్ జయంతి. ఆయన 1803లో పుట్టారు. ఆయన ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను స్మరిస్తూ ధవళేశ్వరంలోనూ, డెల్టాలోని అనేక ఊళ్లలోనూ ఆ రోజు విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. సెప్టెంబర్ 15 మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి, మనకు ఇంజనీర్ల దినోత్సవం. తెలంగాణలో మాత్రం ఇంజనీర్ల దినోత్సవాన్ని జూలై 11న జరుపుతారు కాబట్టి, హైదరాబాద్ నుంచి వచ్చే సందేశాలను చూసి తేదీల విషయంలో తికమక పడకండి. డిసెంబర్ 14 ఇంధన పొదుపు దినోత్సవం. ఎలక్ట్రికల్ విద్యార్థులకూ, రైస్ మిల్లుల్లోనూ రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలోనూ పనిచేసేవారికీ పనికివచ్చే ప్రసంగాలు ఆ వారంలో ఉండే అవకాశం ఎక్కువ.

క్యాలెండర్‌లో దినోత్సవంగా కనిపించని ఒక కాలాన్ని నేను అన్నింటికంటే పైన పెడతాను. అది కాలువలు కట్టేసే కాలం. దాళ్వా (రెండో పంట) వరి చేతికొచ్చే వేళకు, ఏప్రిల్ మధ్యకు అటూ ఇటూగా, కాలువలకు నీరు ఆపి, తిరిగి జూన్‌లో వదులుతారు. మరమ్మతులన్నీ ఆ ఎండల్లోనే జరుగుతాయి. మిగతా రోజుల్లో నీటి అడుగున ఉండి కంటికి కనిపించని నిర్మాణ భాగాలు అప్పుడే బయటపడతాయి: రెగ్యులేటర్ (కాలువ నీటిని అదుపు చేసే తలుపుల కట్టడం) దిగువన నీటి ధాటికి దెబ్బతిన్న ఆప్రాన్ (అడుగు కోసుకుపోకుండా పరిచిన గచ్చు), లాకుల తలుపులు అడుగున కూర్చునే గడప, సున్నంతో కట్టిన పాత రాతి గోడల అతుకులు, మలుపు లోపలి వైపున పేరుకున్న మేట, గుర్రపుడెక్క ఎండిపోయి వదిలిన చెత్త. విభాగాధిపతి సంతకంతో సంబంధిత నీటిపారుదల శాఖ కార్యనిర్వాహక ఇంజనీరుకు ఒక లేఖ రాసి, ఎంతమంది వస్తారు, ఏ నిర్మాణం చూడాలనుకుంటున్నారు, ఏ రోజు వీలవుతుంది అన్నవి స్పష్టంగా పేర్కొనండి. ఇరవై మందికి మించని బృందమైతే అందరికీ చూసే వీలుంటుంది, అడిగే వీలూ ఉంటుంది. అక్కడికి వెళ్లాక ఇంజనీరుతో పాటు లస్కరును (కాలువను, తలుపులను చూసుకునే ఉద్యోగిని) కూడా పలకరించండి. ఏ తలుపు ఏ మట్టం దగ్గర బిగుసుకుంటుందో, గండి పడే గట్టు ఏదో ఆయనకు తెలిసినంతగా డ్రాయింగులకు తెలియదు. ఎవరూ ప్రకటించని ఇలాంటి కార్యక్రమాన్ని విద్యార్థులే అడిగి ఏర్పాటు చేయించుకోవాలి.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది

కళాశాలల వెబ్‌సైట్లను, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను అందరూ చూస్తారు కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తక్కువ మంది చూసే చోట్లు వేరే ఉన్నాయి. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఆ రోజు ఊళ్లో జరిగే కార్యక్రమాలను చిన్న అక్షరాలతో వేస్తారు. ఇంజనీర్ల సంఘాల సాయంత్రపు ప్రసంగాల వంటివి చాలాసార్లు అక్కడే కనిపిస్తాయి. 1920లో స్థాపితమైన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వంటి వృత్తి సంస్థలకు స్థానిక కేంద్రాలు, కళాశాలల్లో విద్యార్థి శాఖలు ఉంటాయి. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ), కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా, ఐఎస్‌టీఈ (ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్) శాఖలు కూడా చాలా కళాశాలల్లో ఉన్నాయి. మీ కళాశాలలో ఏ శాఖ ఉందో, దాని బాధ్యత చూసే అధ్యాపకులు ఎవరో తెలుసుకుని, పక్క కళాశాలల శాఖల నుంచి వచ్చే ఆహ్వానాలను నోటీసు బోర్డులో పెట్టమని వారిని కోరండి. ఈ ఆహ్వానాలు చాలావరకు అధ్యాపకుల ఈమెయిల్‌లోనే ఆగిపోతాయి.

ఉద్యోగులకు మార్గం ఇంకొంచెం వేరు. సిమెంట్, స్టీల్, పంపులు, స్విచ్‌గేర్ కంపెనీలు తమ డీలర్ల ద్వారా సైట్ ఇంజనీర్లకు సాంకేతిక సమావేశాలు పెడుతుంటాయి. వాటిలో అమ్మకపు ప్రచారం కొంత ఉంటుందన్నది నిజమే. అయినా, ఉప్పుగాలి తగిలే తీరప్రాంతపు కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టకుండా కవర్ (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం) ఎంత ఉండాలి, చెరువు నీటికి గాలి అందించేందుకు గట్టు మీద నడిచే ఏరియేటర్ మోటార్లు ఎందుకు తరచుగా కాలిపోతాయి వంటి రోజువారీ సమస్యలకు అక్కడ సమాధానం చెప్పగలవారు దొరుకుతారు.

బ్రోచర్ చదవడంలో జాగ్రత్తలు

బ్రోచర్ రాగానే రుసుము ఎంతో చూసే ముందు వక్తల వరుసను చూడండి. వక్త పేరు, పనిచేసే చోటు, మాట్లాడే అంశం మూడూ స్పష్టంగా ఉంటే కార్యక్రమం సిద్ధమైందని అర్థం. ‘ప్రముఖ నిపుణులు’ అని మాత్రమే ఉంటే కన్వీనరుకు ఫోన్ చేసి అడగండి. కార్యశాల అయితే ఒక్కొక్క పరికరం దగ్గర ఎంతమంది కూర్చుంటారన్నది అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న. అరవై మందికి ఒకే త్రీడీ ప్రింటర్ చూపించేదాన్ని ప్రదర్శన అనవచ్చు గాని కార్యశాల అనలేము.

పేపర్ సమర్పించే సదస్సుల విషయంలో విద్యార్థులు ఎక్కువగా నష్టపోతున్నారు. మీ పేపర్‌ను ఎవరు పరిశీలిస్తారో చెప్పకుండా, పంపిన ఒకటి రెండు రోజుల్లోనే ‘అంగీకరించాము’ అని జవాబిచ్చి, వెంటనే డబ్బు కట్టమని తొందరపెట్టే సదస్సుకు దూరంగా ఉండండి. సివిల్, కంప్యూటర్, మేనేజ్‌మెంట్, వైద్యం అన్నీ కలిపి ఒకే సదస్సుగా పెట్టినవాటిని కూడా ఒకటికి రెండుసార్లు విచారించండి. నిజాయితీగా చూసి తిప్పి పంపిన పేపర్ మీకు ఏదో ఒకటి నేర్పుతుంది; ఎవరూ చదవకుండా అచ్చయిన పేపర్ ఉద్యోగ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూడా నిలబడదు.

కార్యక్రమానికి వెళ్లే రోజుకు హాజరు పోకుండా విభాగం నుంచి ముందే ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) రాయించుకోవడం, రుసుము కట్టిన రసీదు దాచుకోవడం, కార్యక్రమం వాయిదా పడితే డబ్బు తిరిగి ఇస్తారో లేదో అడగడం మరవకండి.

ప్రశ్నతో వెళ్లండి

ఏ కార్యక్రమానికి వెళ్లినా ముందు రోజు ఒక గంట కూర్చుని ఒకే ఒక్క ప్రశ్నను తయారు చేసుకోండి. ప్రశ్న మీ ఊరి నుంచి పుట్టినదైతే మరీ మంచిది. ఉదాహరణకు, జల దినోత్సవానికో ఇంజనీర్ల దినోత్సవానికో నీటిపారుదల మీద ప్రసంగం ఉందనుకుందాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు ఉన్నాయని డెల్టాలో పిల్లలకు కూడా తెలుసు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ మట్టాల దగ్గర సముద్రంలోకి వదిలే ప్రవాహం ఇంచుమించు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు.

ఇప్పుడు ఈ అంకెలను కాగితం మీద పక్కపక్కన రాయండి. మొదటి హెచ్చరిక నుంచి రెండవదానికి రెండడుగులు పెరగడానికి 3 లక్షల క్యూసెక్కులు కావలసి వచ్చింది, అంటే అడుగుకు లక్షన్నర. రెండవదాని నుంచి మూడవదానికి నాలుగు అడుగులు పెరగడానికి 4 లక్షలు చాలాయి, అంటే అడుగుకు లక్ష. అడ్డుకట్ట మీదుగా స్వేచ్ఛగా దూకే ప్రవాహం నీటి ఎత్తుకు ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుందని హైడ్రాలిక్స్‌లో చదువుకున్నాము. ఆ లెక్కన మట్టం పెరిగేకొద్దీ అడుగుకు కావలసిన అదనపు నీరు పెరగాలి గాని తగ్గకూడదు. మరి ఇక్కడ ఎందుకు తగ్గుతోంది? దిగువ నీరు కూడా లేచి ప్రవాహాన్ని వెనక్కి ఒత్తుతోందా, ప్రవాహం మునిగిన స్థితిలోకి (దిగువ మట్టం అడ్డుకట్ట పైభాగాన్ని దాటే స్థితిలోకి) మారుతోందా, లేక ఆ అంకెలు గుండ్రంగా చేసినవి కావడమే కారణమా? ఈ ప్రశ్న అడిగిన విద్యార్థికి వక్త రెండు నిమిషాల్లో జవాబు ముగించలేరు. టీ విరామంలో పక్కకు పిలిచి బల్ల మీద బొమ్మ గీసి చెబుతారు. 175 గేట్ల బ్యారేజీని ఇంటి దగ్గర పెట్టుకుని మనం అడగవలసిన ప్రశ్నలు ఇలాంటివి.

ప్రశ్నను మూడు వాక్యాలకు మించనివ్వకండి. ముందు మీకు తెలిసిన అంకె, తర్వాత అది ఎక్కడ పొసగడం లేదో, చివర మీ సందేహం చెప్పండి. ఇంగ్లీషులో తడబడతామని ఊరుకోవడం సరికాదు. తెలుగులోనే అడగండి. డెల్టాలో పనిచేసే ఇంజనీర్లు సైట్ మీద మాట్లాడేది తెలుగే.

ప్రయాణం

జూలై, ఆగస్టుల్లో కార్యక్రమం ఉంటే ముందుగా వరద సమాచారం చూసుకోండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (రేవు దాటించే బల్లకట్టు) మీద దాటితే దూరం బాగా కలిసివస్తుంది గాని, గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు తిరిగి వెళ్లాలి. అమలాపురం నుంచి కాకినాడకు ఎదుర్లంక, యానాం వంతెన దారి ఉంది. అమలాపురానికి రైలు లేదు కాబట్టి, రాజమహేంద్రవరంలో గానీ కాకినాడలో గానీ ఉదయం తొమ్మిదికే మొదలయ్యే కార్యక్రమానికి కోనసీమ నుంచి వెళ్లేవారు తెల్లవారుజామునే బయలుదేరాలి. ప్రాజెక్ట్ నమూనాను మోసుకెళ్లే జట్టు బస్సులో దానికి చోటు దొరుకుతుందో లేదో ముందు రోజే డిపోలో కనుక్కోవడం మేలు.

వెళ్లి వచ్చాక

అదే రోజు రాత్రి, నిద్రపోయే ముందు, విన్నదాంట్లో కొత్తగా తెలిసినది ఒక పేజీకి తగ్గకుండా రాయండి. మీ ప్రశ్నకు వచ్చిన జవాబును అంకెలతో సహా రాసుకుని, వారం లోపు ఆ వక్తకు నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి. ఇంటర్న్‌షిప్ కావాలని మొదటి ఉత్తరంలోనే అడగకండి. ఆయన చెప్పినదాన్ని మీరు లెక్క వేసి చూశారని ముందు తెలియనివ్వండి, ఆ మాట రెండవ ఉత్తరంలో అడగవచ్చు.

ఉద్యోగంలో ఉన్నవారికి ఒక విన్నపం. మీరు చదివిన కళాశాల ఇంజనీర్ల దినోత్సవానికి వక్త కోసం ఆగస్టులోనే వెతకడం మొదలుపెడుతుంది. విశ్వేశ్వరయ్య జీవితం గురించి మాట్లాడేందుకు చాలామంది ముందుకొస్తారు. మీ సైట్‌లో పునాది తవ్వుతుండగా ఊట నీరు ఎలా తోడారో, మెత్తటి బంకమట్టిలో పైల్ ఎంత లోతుకు దించారో, టెండరు అంచనాకూ అసలు ఖర్చుకూ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పగలిగేవారు మీరే. విభాగాధిపతికి ఫోన్ చేసి, నలభై నిమిషాల సమయం, పది ఫొటోలు చూపించే వీలు కావాలని అడగండి. ఫొటోల్లో విఫలమైన పనులవి కూడా కనీసం రెండైనా ఉంచండి. గంటలో మిగతా ఇరవై నిమిషాలు విద్యార్థుల ప్రశ్నలకు వదలమని కన్వీనరుకు ముందే చెప్పండి.