అరుదైనదంతా విలువైనది కాదు: పాత ఫిల్మ్ కెమెరాకు ధర కట్టడం ఎలా

అమ్మకపు ప్రకటనలో ‘చాలా అరుదు’ అని ఉంటే రెండో ప్రశ్న వేసుకోవాలి: సరే, ఇది కావాలనేవాళ్లు ఎందరు? 1950ల్లో చిన్నాచితకా కంపెనీలు కొన్ని వందలో వేలో తయారుచేసి మూతపడిపోయాయి. ఆ కెమెరాలు వెతికినా దొరకవు. దొరికినా కొనేవాడుండడు. జర్మన్ కెమెరా లైకా ఎం3 సంగతి చూడండి. 1954 నుంచి 1966 దాకా రెండు లక్షలకు పైగా తయారైంది. ఏ రోజు చూసినా అమ్మకానికి ఉంటుంది, అయినా ధర దిగదు. దాని లెన్సులు కొత్త బాడీల మీద కూడా పనిచేస్తాయి, బాగుచేసేవాళ్లున్నారు, ఈ రోజు ఫిల్మ్ ఎక్కించి ఫొటో తీయొచ్చు. ధర అక్కడి నుంచి వస్తుంది.

ఒలింపస్ మ్యూ-2 లాంటి ప్లాస్టిక్ కెమెరాలది ఇంకో దారి. 1997లో వచ్చి లక్షల్లో అమ్ముడైన దానికి ఇప్పుడున్న ధర పూర్తిగా ఫ్యాషన్ వల్లే. లోపలి సర్క్యూట్ పోతే దాదాపు చేసేదేమీ లేదు. వాడుకోవడానికి కొనండి, పెట్టుబడి అనుకుని మాత్రం కొనొద్దు.

అరుదుతనం ధర పెంచే సందర్భాలూ ఉన్నాయి. ఒకటి, ఆ రకంలో మొదటిది కావడం. 1938 నాటి సూపర్ కొడాక్ సిక్స్-20 దాదాపు 700 మాత్రమే తయారైంది. ఎక్స్‌పోజర్‌ను (ఫిల్మ్ మీద పడే వెలుతురు మోతాదును) తనంతట తానే సెట్ చేసుకున్న మొదటి కెమెరా కాబట్టి కలెక్టర్లు ఎగబడతారు, అది సరిగ్గా పనిచేయకపోయినా సరే. రెండోది, బాగా పేరున్న మోడల్‌లో తొలి రూపం. 1936 కినె ఎక్సాక్టాలో ఫోకస్ చూసుకునే భూతద్దం గుండ్రంగా ఉన్నవి, తర్వాత వచ్చిన దీర్ఘచతురస్రపు వాటికన్నా ఖరీదు. నికాన్ ఎఫ్‌లో సీరియల్ నంబర్ 640తో మొదలయ్యేవీ అంతే. మూడోది, ఎవరి చేతిలో ఉందనేది. లైకా మొదట్లో ప్రయోగంగా తయారుచేసిన 0-సిరీస్‌లో 122వ నంబరు కెమెరా 2018లో 24 లక్షల యూరోలు పలికింది. అదే సిరీస్‌లోని 105వ నంబరు 2022లో కోటీ 44 లక్షల యూరోలు పలికింది. ఆ 105 మీద లైకాను రూపొందించిన ఆస్కర్ బార్నాక్ పేరు చెక్కి ఉంది, అది ఆయన వాడుకున్నది. రెండూ అరుదే, కానీ ధరలో తేడా అంతా ఆ పేరుదే.

కంపెనీలు కావాలని తక్కువగా తయారుచేసే బంగారు పూత ‘లిమిటెడ్ ఎడిషన్’లతో జాగ్రత్త. కొన్నవాళ్లందరూ పెట్టెలోనే దాచిపెడతారు కాబట్టి అవి ఎక్కడికీ పోవు. పెట్టె, కాగితాలు లేకుండా, వాడిన గుర్తులతో వస్తే ప్రత్యేక ధరలో చాలా భాగం ఎగిరిపోతుంది.

ధర తెలుసుకోవడం

ముందు మోడల్ ఖచ్చితంగా తేల్చుకోండి: సీరియల్ నంబర్, అక్షరాలు చెక్కిన తీరు, షట్టర్ డయల్ మీది అంకెలు. తర్వాత వేలం సైట్లలో ‘అమ్ముడైనవి’ అనే ఫిల్టర్ పెట్టి గత మూడు నెలలవి పదీ పదిహేను చూడండి. అడుగుతున్న ధరలను పట్టించుకోవద్దు, ఏళ్ల తరబడి అమ్ముడుపోని కెమెరాకు ఎంతైనా రాసుకోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేయండి. ‘పరీక్షించలేదు’ అని రాసినవాటిని వేరే కుప్పగా పెట్టండి. ఆ మాటకు అసలు అర్థం చాలాసార్లు ‘పనిచేయదు’ అనే. ఏడాదికి ఒకటో రెండో మాత్రమే అమ్ముడయ్యే మోడలైతే దానికి మార్కెట్ ధరంటూ ఉండదు. రేపు మీరు అమ్మాలన్నా కొనేవాడి కోసం అన్నాళ్లు కాచుక్కూర్చోవాలి.

చేతిలోకి తీసుకున్నాక

షట్టర్‌తో మొదలుపెట్టండి. వెనుక తలుపు తెరిచి, కెమెరాను వెలుతురు వైపు తిప్పి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో రికార్డు చేయండి. 1 సెకను స్పీడులో షట్టర్ 240 ఫ్రేముల పాటు తెరిచి ఉండాలి, 1/30లో 8. అంతకన్నా చాలా ఎక్కువ ఫ్రేములు వస్తున్నాయంటే, లేదా మధ్యలో ఆగిపోతోందంటే, లోపలి గ్రీజు గట్టిపడినట్టు. 1/125 దాటాక ఈ పద్ధతి పనికిరాదు. 1/1000కి తెల్లటి గోడ వైపు పెట్టి వెనుక నుంచి చూడండి. ఇలాంటి షట్టర్‌లో రెండు కర్టెన్లు (తెరలు) ఒకదాని వెనుక ఒకటి కదులుతాయి; ఫ్రేమ్ ఒక పక్క చీకటిగా కనబడితే రెండో కర్టెన్ మొదటిదాన్ని అందుకుంటున్నట్టు. సర్వీస్ తప్పదు.

గుడ్డ కర్టెన్ ఉన్న రేంజ్‌ఫైండర్‌లో (లెన్స్ గుండా కాకుండా పక్కనున్న కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే ఎం3 లాంటి కెమెరాలో) ఇంకో పరీక్ష చేయాలి. వీటికి అద్దం అడ్డు ఉండదు కాబట్టి లెన్స్ సూర్యుడి వైపు ఉండిపోతే కర్టెన్ కాలి చిల్లు పడుతుంది. చీకటి గదిలో లెన్స్ తీసి ముందు నుంచి టార్చ్ వేసి వెనుక నుంచి చూస్తే చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి.

లెన్స్‌కు అపర్చర్ (లోపలి వెలుతురు రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చ్ వేసి కొంచెం ఏటవాలుగా చూడండి. దారాల్లా కనబడేది ఫంగస్. అది కోటింగ్‌ను తినేస్తే శుభ్రం చేసినా మచ్చ పోదు. అంతటా పాలపొరలా ఉంటే ఆవిరైన గ్రీజు పేరుకుని ఉండొచ్చు, చాలామటుకు వదులుతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగులు కనబడితే అద్దాలను అతికించిన జిగురు విడిపోతోందని అర్థం, అది ఖరీదైన పని. ఎం3 అయితే వ్యూఫైండర్ తప్పక చూడండి. గట్టి దెబ్బ తగిలితే లోపలి ప్రిజం విడిపోయి బొమ్మ నల్లబడుతుంది.

భయపడక్కర్లేనివీ ఉన్నాయి. తలుపు అంచున నల్లటి బంకగా కరిగిన ఫోమ్ మార్చడం గంట పని. కేనన్ ఏఈ-1 క్లిక్ చేసినప్పుడు కీచుమంటే అద్దం గేర్లలో నూనె ఎండినట్టు. బేరమాడడానికి రెండూ పనికొస్తాయి.

వెలుతురు కొలిచే మీటర్ చూపే అంకె నమ్మే ముందు బ్యాటరీ చూడండి. పాత 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ చోట 1.5 వోల్టులది వేస్తే చాలా కెమెరాలు వెలుతురు ఎక్కువుందనుకుంటాయి, ఫొటోలు చీకటిగా వస్తాయి. పెంటాక్స్ స్పాట్‌మ్యాటిక్‌లో వోల్టేజీ మారినా లెక్క తప్పని బ్రిడ్జ్ సర్క్యూట్ ఉంది కాబట్టి దానికి ఈ బెడద లేదు.

నకిలీలు

డేగ గుర్తులు, స్వస్తిక, బంగారు రంగు ఉన్న ‘యుద్ధకాలపు లైకా’ కనబడితే లెన్స్ విప్పి లోపల పైభాగాన రేంజ్‌ఫైండర్ మీటను చూడండి. అసలు లైకాలో దాని కొస గుండ్రటి చిన్న చక్రం. చక్రం బదులు ఏటవాలుగా కోసిన ముక్క ఉంటే అది లైకాను చూసి తయారుచేసిన సోవియట్ కెమెరా ఫెడ్ లేదా జోర్కీకి వేషం వేసినది. నల్ల పెయింట్ లైకాల్లోనూ మోసాలున్నాయి: క్రోమ్ బాడీకి రంగు వేసి, గరుకు కాగితంతో రుద్ది పాతదానిలా కనబడేలా చేస్తారు. చేయీ పట్టీ తగలని చోట్ల రంగు అరిగి ఉంటే అనుమానించండి, సీరియల్ నంబర్‌ను ఫ్యాక్టరీ నల్ల బ్యాచుల జాబితాతో సరిచూడండి.

దాచుకోవడానికైతే కొత్త తోలు అతికించడం, పాలిష్ చేయడం వద్దు, అసలు విడిభాగాలే విలువ. వాడుకోవడానికైతే అందం పక్కనపెట్టి యంత్రం చూడండి.

చివరగా లెక్క. సర్వీస్ అయిన కెమెరా అమ్ముడైన ధర 100 అనుకుంటే, సర్వీసుకు 35, రవాణాకు 5, కనబడని లోపాలకు 10 తీసేయండి. పరీక్షించని కెమెరాకు 50 మించి ఇవ్వకూడదు. 70 అడుగుతున్నారా? ఇంకో 30 వేసుకుని గ్యారంటీ ఇచ్చే రిపేరర్ దగ్గర సర్వీస్ చేసినదే కొనండి, చవక పడుతుంది.