విదేశీ చదువుకు అప్లై చేసే జూనియర్‌కి మెంటర్‌గా ఎలా తోడుండాలి?

ఏటా ఆగస్టు వచ్చేసరికి నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా. నా ప్రొఫైల్‌కి ఏ యూనివర్సిటీలు వస్తాయి?" మొదట్లో వెంటనే ఓ పది పేర్లు పంపేసేదాన్ని. ఇప్పుడు పంపను. ఆ పది పేర్లతో వాళ్లకి పని తగ్గినట్టే ఉంటుంది కానీ, ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో తెలియకుండానే అప్లికేషన్ పూర్తయిపోతుంది. రాసేది, నిర్ణయించేది స్టూడెంటే. మనం అడగాలి, వినాలి, తప్పు కనబడితే ఆపాలి. మీరు చదివొచ్చిన సీనియరైనా, కాలేజీలో లెక్చరరైనా ఈ పని చేయొచ్చు. అమెరికా ఎంఎస్‌ని దృష్టిలో పెట్టుకుని, నేను చేసే పద్ధతి చెప్తాను.

1. మొదటి మాట డబ్బు గురించే మాట్లాడండి

మొదటి కాల్‌లో స్టూడెంట్‌తో పాటు అమ్మనో నాన్ననో కూర్చోబెట్టమంటాను. తెలుగులోనే మాట్లాడతాను. "అప్పు ఎంతవుతుందమ్మా?" అన్న ప్రశ్న నాన్నల మనసులో ఉంటుంది, కానీ పిల్లల ముందు అడగలేరు. కాగితం మీద లెక్క వేసి చూపించండి. ట్యూషన్, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 40 వేల డాలర్లు అనుకుందాం. డాలర్ 90 రూపాయల చొప్పున 36 లక్షలు. రెండేళ్లకి 72 లక్షలు. వడ్డీ దీనికి అదనం. ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే ఈఎంఐ ఎవరు కడతారో కూడా ఆరోజే మాట్లాడుకోవాలి.

ఈ లెక్క చూశాక కొన్ని కుటుంబాలు ఏడాది ఆగుతాయి, కొన్ని జర్మనీ వైపు చూస్తాయి. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఉండదు కానీ, బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంతే తీసుకోగలిగే ఖాతాలో) డబ్బు చూపించాలి, మన దేశం నుంచి వెళ్లేవాళ్లకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనన్న ధ్రువీకరణ) కావాలి. తెలంగాణలో ఎస్సీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలున్నాయి. వాటికి అర్హత ఉందేమో ఈ దశలోనే చూడమనండి.

2. క్యాలెండర్ వెనక నుంచి రాయించండి

ఆగస్టులో మొదలయ్యే ఫాల్ ఇన్‌టేక్‌కి చాలా డెడ్‌లైన్లు అంతకు ముందు డిసెంబరు, జనవరిలోనే ఉంటాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నవంబరుకి ఎస్ఓపీ (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే వ్యాసం) పూర్తి కావాలి, అక్టోబరులో సార్లని ఎల్ఓఆర్‌లు (సిఫారసు లేఖలు) అడగాలి, సెప్టెంబరుకి టెస్టులు అయిపోవాలి. పీజీ అడ్మిషన్లకి రాసే జీఆర్ఈ ఇప్పుడు రెండు గంటల లోపు పరీక్ష, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఇంగ్లిష్ పరీక్షలైన ఐఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే. జీఆర్ఈ అడగని కోర్సులు కూడా చాలా ఉన్నాయి కాబట్టి, కోర్సు పేజీ చూశాకే స్లాట్ బుక్ చేయించండి.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఇవే నెలల్లో ప్లేస్‌మెంట్లు ఉంటాయి. రెండూ మీద పడి పిల్లలు టెన్షన్‌తో నలిగిపోతారు. వారానికి ఒక రోజు, ఒక గంట అని ముందే అనుకుని, ఆ గంట మాత్రం తప్పకుండా ఇవ్వండి. ట్రాన్‌స్క్రిప్టులకి యూనివర్సిటీలో ఎన్ని రోజులు పడుతుందో ముందు చెప్పలేం కాబట్టి, అన్నిటికంటే ముందు వాటికే అప్లై చేయించండి.

3. పాస్‌పోర్ట్‌లో పేరు చూడండి

చిన్న పనిలా ఉంటుంది కానీ మన తెలుగువాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అలా ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, మొదటి పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. తర్వాత బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్స్ దగ్గరా అదే పేరు వెంటాడుతుంది. టెస్ట్ రిజిస్ట్రేషన్, అప్లికేషన్ అన్నీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్ట్ సరిచేయించాలంటే టెస్ట్ బుక్ చేయకముందే చేయించండి.

4. యూనివర్సిటీల లిస్టు వాళ్ల చేతే తయారు చేయించండి

ఏడెనిమిది చాలు. రెండు కష్టమైనవి, మూడు నాలుగు తగినవి, రెండు దాదాపు ఖాయమైనవి. ఒక్కోదాని పక్కన మూడు విషయాలు రాయమంటాను: ఏ రెండు కోర్సులు చదవాలనుకుంటున్నావు, ఏ ప్రొఫెసర్ పని నచ్చింది, మొత్తం ఖర్చెంత. ఈ మూడూ రాయలేకపోతే ఆ పేరు తీసేయమంటాను. చాలా కన్సల్టెన్సీలకు కొన్ని యూనివర్సిటీల నుంచి కమిషన్ వస్తుంది, వాళ్లిచ్చే లిస్టు అటువైపే మొగ్గే ప్రమాదం ఉంది. అది తెలుసుకుని చదవమనండి.

విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఆ సంస్థకి ఉందో లేదో అమెరికా ప్రభుత్వ 'స్టడీ ఇన్ ద స్టేట్స్' వెబ్‌సైట్‌లో, అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకి గుర్తింపు) విడిగా, రెండూ చూడాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకి, ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో ట్యాగులు వేశారు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అయితే అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే వీసా మోసాలు పట్టుకోవడానికి వలగా పెట్టారు. అనుమతి ఉన్న లిస్టులో దాని పేరు కూడా కనబడేది. కాబట్టి లిస్టులో పేరు ఉంటే చాలదు. క్లాసులు నిజంగా జరుగుతున్నాయా, ప్రొఫెసర్లు ఎవరు, చదువుతున్న ఇద్దరితో మాట్లాడావా అని అడగండి. చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఊరించేవాళ్లు ఎదురైతే ఇంకా జాగ్రత్తగా చూడండి.

5. ఎస్ఓపీ: ముందు మాట్లాడించండి, తర్వాత రాయించండి

నా సమయంలో సగం దీనికే పోతుంది. భీమవరం వైపు నుంచి ఒక తమ్ముడు మొదటి డ్రాఫ్ట్ పంపాడు. "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే అమితమైన ఆసక్తి" అని మొదలైంది. రెజ్యూమెలో మాత్రం ఒక మూల 'నీటి నాణ్యత మానిటరింగ్ సిస్టమ్' అని ఒక్క లైన్ ఉంది. ఫోన్ చేసి అదేంటని అడిగాను.

వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులున్నాయట. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, నాన్న మూడింటికి లేచి టార్చ్ పట్టుకుని ఏరేటర్లు చూడటానికి వెళ్లేవారు. అందుకని వీడు ఒక సెన్సర్ పెట్టి, ఆక్సిజన్ తగ్గితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చేశాడు. "బాగా పనిచేసిందా?" అంటే, "లేదక్కా, రెండు వారాలకే నాచు పట్టి రీడింగులు తప్పు రావడం మొదలైంది" అన్నాడు, తప్పు ఒప్పుకున్నట్టు. "మరి ఏం చేశావు?" అన్నాను. తర్వాత ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు: రీడింగు అసలు విలువ నుంచి నెమ్మదిగా ఎలా పక్కకి జరిగిపోతుందో, దాన్ని లెక్కతో సరిచేయొచ్చేమో అని ఏమేం ప్రయత్నించాడో, ఎక్కడ ఆగిపోయాడో. ఆగిపోయిన ఆ చోటే మాస్టర్స్‌లో నేర్చుకోవాలనుకుంటున్నది. ఎస్ఓపీ అక్కడే దొరికింది.

అందుకే చెప్తున్నాను, కాల్‌ని వాళ్ల ఫోన్‌లోనే రికార్డ్ చేసుకోమనండి, తర్వాత విని రాయమనండి. డ్రాఫ్ట్ మీ దగ్గరకి వచ్చాక వాక్యాలు మార్చకండి. పక్కన ప్రశ్నలు రాయండి: "ఎందుకు?", "నువ్వు చేసింది ఎంత, టీమ్ చేసింది ఎంత?", "ఈ మాట ఎవరైనా రాయగలరు, నీదేంటి?" మూడు నాలుగు డ్రాఫ్టులకి రూపం వస్తుంది. వ్యాకరణం చివర్లో చూడొచ్చు. ఏఐ టూల్స్ వాడొచ్చా అని అడుగుతారు. ఒక్కో యూనివర్సిటీ నియమం ఒక్కోలా ఉంది, అది చదివించండి. నా వరకు, రాయించుకోవద్దని చెప్తాను.

6. ఎల్ఓఆర్‌లలో అడ్డదారులు ఆపండి

మన కాలేజీల్లో చాలామంది సార్లు "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు. వాళ్లకీ పని ఎక్కువే. స్టూడెంట్‌ని లెటర్ బదులు ఒక పేజీ నోట్స్ తీసుకెళ్లమనండి: మీ దగ్గర ఏ సబ్జెక్ట్ చదివాను, ఏ ప్రాజెక్ట్ చేశాను, మీరు ఫలానా తప్పు చూపిస్తే ఎలా సరిచేశాను. దాన్నుంచి సార్ పది లైన్లు సొంతంగా రాసినా చాలు. సార్ పేరుతో జీమెయిల్ తెరిచి తామే అప్‌లోడ్ చేస్తామంటే మాత్రం అక్కడికక్కడే వద్దని చెప్పండి. అది మోసం, బయటపడితే అడ్మిషన్ పోతుంది.

7. సబ్మిట్ నుంచి వీసా దాకా

అప్లికేషన్ ఈమెయిల్, పాస్‌వర్డ్ స్టూడెంట్ దగ్గరే ఉండాలి. మన దగ్గరా వద్దు, కన్సల్టెన్సీ దగ్గరా వద్దు. మార్కులు మెమోలో ఉన్నట్టే వేయాలి. అడగకపోతే నాలుగు పాయింట్ల స్కేల్‌కి మార్చక్కర్లేదు. బ్యాక్‌లాగ్‌లు దాచొద్దు.

ఫిబ్రవరి, మార్చిలో రిజెక్ట్‌లు రావడం మొదలవుతుంది. ఆ వారం మీరే ఫోన్ చేయండి, వాళ్లు చేయరు. అడ్మిట్ వచ్చాక ఒక ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు చూపిస్తే ఐ-20 (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వస్తుంది, తర్వాత విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థకి కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు, వీసా అప్లికేషన్ అయిన డీఎస్-160 ఫారం, ఇంటర్వ్యూ. మాక్ ఇంటర్వ్యూలో జవాబులు బట్టీ పట్టనివ్వకండి. "ఈ యూనివర్సిటీయే ఎందుకు?" అని ఒకసారి మొదట్లో, ఒకసారి మధ్యలో, ఒకసారి వేరే మాటల్లో అడగండి. నాలుగో అడుగులో రాసుకున్న మూడు విషయాలు ఇక్కడ పనికొస్తాయి. వీసా రాకపోయినా మళ్లీ అప్లై చేయొచ్చు. కాన్సులేట్ బయటికి రాగానే ఏమడిగారో, తను ఏం చెప్పాడో మాట మర్చిపోకముందే రాసిపెట్టమనండి. రెండోసారి ప్రాక్టీస్ ఆ కాగితంతోనే మొదలుపెట్టండి.