ఫోన్ లాక్ మర్చిపోయారా? రీసెట్ సంగతి తర్వాత, ముందు జీమెయిల్ చూడండి

వేలిముద్రతో ఫోన్ ఇంకా తెరుచుకుంటోందా? అయితే దాన్ని స్విచాఫ్ చెయ్యకండి, రీస్టార్ట్ చెయ్యకండి, చార్జింగ్ అయిపోనివ్వకండి. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా ఒకసారి ఆగి మళ్లీ వెలిగితే మొట్టమొదట పిన్నో ప్యాటర్నో పాస్‌కోడో అడుగుతుంది. వేలు పెట్టినా మొహం చూపించినా ఒప్పుకోదు. రీస్టార్ట్ చెయ్యకపోయినా ఈ వెసులుబాటు ఎల్లకాలం ఉండదు. పిన్ కొట్టి 72 గంటలు దాటితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు మళ్లీ పిన్ అడుగుతాయి. ఐఫోన్‌ని 48 గంటలు తెరవకుండా వదిలేసినా అంతే.

కాబట్టి ఫోన్ తెరుచుకుంటున్నప్పుడే సామాను సర్దుకోవాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త పిన్ పెట్టుకుందామంటే కుదరదు, అక్కడా పాత పిన్నే అడుగుతుంది. ఆ పాట్లు మానేసి ఈ పనులు చూడండి. గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కని ఫొటోలు, వీడియోలు కేబుల్ పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ నొక్కి అది పూర్తయ్యేదాకా ఆగండి. ఫోన్లోనే సేవ్ అయిన నంబర్లుంటే జీమెయిల్‌లోకి మార్చండి. అన్నిటికంటే ముఖ్యం, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ దగ్గర కనిపించే జీమెయిల్ అడ్రసు అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి. అది ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఐఫోన్‌ని కొత్త కంప్యూటర్‌కి కలిపితే మాత్రం పాస్‌కోడ్ అడుగుతుంది, కాబట్టి దానికి ఐక్లౌడ్ బ్యాకప్పే దారి.

వేలిముద్ర కూడా పనిచెయ్యకపోతే కింద చెప్పే వరసలోనే వెళ్లండి. వరస తప్పితే ఫోన్ చేతిలో మిగులుతుంది గానీ పనికిరాదు.

ముందు గుర్తు తెచ్చుకోవడం

ఆండ్రాయిడ్‌లో అయిదుసార్లు తప్పు కొడితే 30 సెకన్లు ఆగమంటుంది. తప్పులు పెరిగేకొద్దీ ఆ విరామమూ పెరుగుతుంది. ఐఫోన్ నిమిషంతో మొదలుపెట్టి అయిదు నిమిషాలు, పావుగంట, గంట అంటూ పోయి, పదో తప్పుకి తలుపు మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో ఎరేజ్ డేటా ఆన్ చేసి ఉంటే ఆ పదో తప్పుకే మొత్తం చెరిపేస్తుంది. శాంసంగ్‌లోనూ ఆటో ఫ్యాక్టరీ రీసెట్ అని ఒకటుంది, అది ఆన్‌లో ఉంటే 15–20 తప్పులకి అదే పని చేస్తుంది. ఇంట్లో పిల్లలు, పక్కింటివాళ్లు తలో చెయ్యి వేసి కొట్టే ప్రయత్నాలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఏం కొట్టారో ఒక కాగితం మీద రాసుకుంటూ కొట్టండి.

ప్యాటర్న్ మర్చిపోతే కళ్లతో ఆలోచించకండి. ఆ గీత వేలికి గుర్తుంటుంది. కాగితం మీద మూడు వరసల్లో తొమ్మిది చుక్కలు పెట్టి, ఎప్పుడూ ఫోన్ పట్టుకునే భంగిమలోనే కూర్చుని, రోజూ వాడే వేలితో వేగంగా గీసి చూడండి. తొమ్మిది చుక్కలతో 3,89,112 ప్యాటర్న్‌లు సాధ్యం. అడ్డదిడ్డంగా గీస్తే తగలదు. అక్షరాల పాస్‌వర్డ్ అయితే కీబోర్డు ఏ భాషలో ఉందో చూడండి. తెలుగు కీబోర్డు తెరుచుకుని ఉండగా కొడుతూ పాస్‌వర్డ్ తప్పంటోందని కంగారుపడటం తరచూ జరిగేదే.

అసలు పిన్ సరైనదే, తెరే తప్పు చేస్తోందా అన్నదీ చూడాలి. అద్దం పగిలినా, స్క్రీన్‌గార్డు కింద తడి చేరినా ఒక వరస అంకెలు నొక్కుడుపడవు. ఓటీజీ ముక్కతో మామూలు కంప్యూటర్ మౌస్ తగిలిస్తే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరమీద బాణం గుర్తు వస్తుంది. దాంతో అంకెలు నొక్కి చూడండి.

డేటా పోకుండా తెరుచుకునే దారులు రెండే

లాక్ ఈ మూడు రోజుల్లోనే మార్చి ఉంటే పాతది ఇంకా బతికే ఉండొచ్చు. ఐఓఎస్ 17, ఆ తర్వాతవి ఉన్న ఐఫోన్లలో తప్పులు పడ్డాక ఫర్గాట్ పాస్‌కోడ్ నొక్కితే, మార్చిన 72 గంటల్లోపు అయితే, పాత పాస్‌కోడ్ కొట్టి కొత్తది పెట్టుకోవచ్చు. కొత్త శాంసంగ్ గెలాక్సీల్లో కూడా అదే గడువుతో పాత లాక్ వాడే వీలుంది.

రెండోది శాంసంగ్‌కి మాత్రమే. ఫోన్లో శాంసంగ్ అకౌంట్ ఉండి, రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి, ఫోన్‌కి ఇంటర్నెట్ అందుతుంటే, కంప్యూటర్లో స్మార్ట్‌థింగ్స్ ఫైండ్ సైటు తెరిచి అదే అకౌంట్‌తో లాగిన్ అయి అన్‌లాక్ నొక్కండి. లాక్ ఊడిపోతుంది, ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొన్ని మోడళ్లలో ఆ బటన్ కనిపించదు.

ఇవి రెండూ కాకపోతే బ్యాకప్ లేని డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. తాళం వేరు, బీరువా వేరు అనుకుంటాం. ఫోన్లో అలా ఉండదు. మీరు కొట్టే పిన్, చిప్‌లో దాగిన రహస్య సంఖ్య రెండూ కలిస్తేనే లోపలి ఫొటోలు, చాట్‌లు చదవగలిగే రూపంలోకి వస్తాయి. పిన్ లేకపోతే అక్కడున్నది అర్థంలేని అంకెల కుప్ప. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఇది తప్పనిసరి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్లినా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చినా ఎవరైనా చెయ్యగలిగింది చెరపడమే. పాత వీడియోల్లో చూపించే ఫర్గాట్ ప్యాటర్న్ బటన్ ఆండ్రాయిడ్ 4.4 వరకే ఉండేది. డేటా పోకుండా లాక్ తీస్తామని, ఎనీడెస్క్ (దూరం నుంచే మీ తెర చూసి నడిపే యాప్) వేసుకోమని ఫోన్లో చెప్పేవాళ్ల కన్ను మీ బ్యాంకు ఖాతా మీదే ఉంటుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

జీమెయిల్, సిమ్

ఆండ్రాయిడ్ 5.1 నుంచి గూగుల్ ఒక కాపలా పెట్టింది. షాపుల్లో దాన్ని ఎఫ్ఆర్‌పీ లాక్ అనో గూగుల్ లాక్ అనో అంటారు. బటన్లు నొక్కి రీసెట్ చేసిన ఫోన్, అంతకుముందు అందులో ఉన్న జీమెయిల్ పాస్‌వర్డ్ కొడితేనే ముందుకి కదులుతుంది. దొంగకి ఫోన్ పనికిరాకుండా చెయ్యడానికి పెట్టిన ఏర్పాటు ఇది. మన ఇళ్లలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఫోన్ కొన్నరోజు షాపు అబ్బాయి తనకి తోచిన పేరుతో జీమెయిల్ తెరిచి ఇస్తాడు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. లేదా అమెరికాలో ఉన్న అబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు నాన్నగారి ఫోన్లో తన జీమెయిలే పెట్టి వెళ్లిపోతాడు. ఇదొకందుకు మంచిదే, అక్కణ్ణుంచే రీసెట్ చెయ్యగలడు. కాకపోతే అతను మేలుకుని ఉండే వేళ చూసి పని మొదలుపెట్టాలి, గూగుల్ అడిగే నిర్ధారణ అతని ఫోన్‌కే పోతుంది.

అందుకని రీసెట్ చెయ్యకముందే ఆ జీమెయిల్‌తో ఇంకో ఫోన్లోనో కంప్యూటర్లోనో లాగిన్ అయి చూడండి. అయితే సగం పని అయినట్టే. అడ్రసే గుర్తులేకపోతే గూగుల్ లాగిన్ పేజీలో ఫర్గాట్ ఈమెయిల్ నొక్కి మొబైల్ నంబరు, పేరు ఇస్తే చూపిస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఫర్గాట్ పాస్‌వర్డ్. ఇది ఇంట్లోని వైఫై మీద, ఇంతకుముందు ఆ జీమెయిల్ వాడిన కంప్యూటర్ మీద చేస్తే గూగుల్ తొందరగా నమ్ముతుంది. కొత్త ఊళ్లో, నెట్ సెంటర్లో కూర్చుని చేస్తే అనుమానిస్తుంది.

ఈ దశలో ఓటీపీ లాక్ పడిన ఫోన్‌కే వెళ్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సిమ్ తీసి ఇంట్లో ఇంకో ఫోన్లో వెయ్యండి, కీప్యాడ్ ఫోనైనా చాలు. లాక్ పడిన ఫోన్లో యెస్ నొక్కమని గూగుల్ అంటే, ట్రై అనదర్ వే నొక్కి ఎస్సెమ్మెస్ ఎంచుకోండి. సిమ్ మార్చిన ఫోన్లో ఇప్పుడే వాట్సాప్ మొదలుపెట్టకండి, పాత ఫోన్లోది ఆగిపోతుంది. కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ ముందే కలిపి ఉంటే, ఫోన్ వాడకపోయినా 14 రోజుల దాకా పనిచేస్తుంది. బ్యాకప్ లేని ముఖ్యమైన ఫైళ్లు అందులోంచి దించుకోండి. ఈసిమ్ అయితే ఆపరేటర్ స్టోర్‌లో మామూలు సిమ్‌గా మార్పించుకోవాలి, మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు.

జీమెయిల్ పాస్‌వర్డ్ కొత్తగా మార్చినట్టయితే ఒక రోజు ఆగి అప్పుడు రీసెట్ చెయ్యండి. కొత్త పాస్‌వర్డ్ అంతటా అమల్లోకి రావడానికి 24 గంటలు పట్టొచ్చు. తొందరపడితే సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఫోన్ తీసుకోకపోవచ్చు.

చెరపడం

మెమరీకార్డు ఉంటే ముందు తీసేయండి. చార్జింగ్ సగానికి పైన ఉండాలి.

ఫోన్‌కి నెట్ అందుతుంటే సులువైన దారి గూగుల్ ఫైండ్ హబ్, 2025కి ముందు దీని పేరు ఫైండ్ మై డివైస్. ఇంకో ఫోన్లో తెరిచి, అదే జీమెయిల్‌తో లాగిన్ అయి, ఆ ఫోన్ ఎంచుకుని ఫ్యాక్టరీ రీసెట్ నొక్కండి. నెట్ లేకపోతే బటన్ల దారే:

- శాంసంగ్: కొత్త మోడళ్లు రికవరీలోకి (చెరిపే మెనూ ఉండే తెరలోకి) వెళ్లాలంటే కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియక గంటలు గంటలు బటన్లు నొక్కేవాళ్లున్నారు. వాల్యూమ్ డౌన్, పక్క బటన్ కలిపి తెర నల్లబడేదాకా పట్టుకోండి. నల్లబడిన క్షణమే వేలు వాల్యూమ్ అప్ మీదికి మార్చి, పక్క బటన్‌తో కలిపి లోగో వచ్చేదాకా వదలకండి. వైప్ డేటా ఫ్యాక్టరీ రీసెట్ మీదికి వాల్యూమ్ బటన్‌తో దిగి, పక్క బటన్‌తో నొక్కండి.
- రెడ్‌మీ, పోకో: వాల్యూమ్ అప్, పవర్. లోగో రాగానే వదలండి. వైప్ డేటా, వైప్ ఆల్ డేటా, కన్ఫర్మ్. షావోమీ అకౌంట్‌తో ఫైండ్ డివైస్ ఆన్ చేసి ఉంటే తర్వాత దాని పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది.
- రియల్‌మీ, ఒప్పో: వాల్యూమ్ డౌన్, పవర్. భాష ఎంచుకున్నాక పాస్‌వర్డ్ అడిగితే ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కి, ఫార్మాట్ డేటా ఎంచుకుని, తెరమీద కనిపించే అంకెలు కొట్టాలి.
- పిక్సెల్, మోటరోలా: వాల్యూమ్ డౌన్, పవర్. రికవరీ మోడ్ ఎంచుకుంటే నో కమాండ్ అని వస్తుంది. పాడైపోయిందని భయపడక్కర్లేదు. పవర్ పట్టుకుని వాల్యూమ్ అప్ ఒకసారి తట్టి వదిలితే మెనూ వస్తుంది.

అయ్యాక రీబూట్ నొక్కండి. మొదటిసారి తెరుచుకోవడానికి మామూలుకంటే ఎక్కువసేపు పడుతుంది, మధ్యలో బటన్లు నొక్కకండి. వైఫై కలిపాక ఫోన్ పాత జీమెయిల్ అడుగుతుంది. రాసిపెట్టుకున్న కాగితం ఇప్పుడు తియ్యండి. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనుక్కుని ఈ తెర దగ్గర ఆగిపోతే, అమ్మినవాళ్లు వచ్చి తమ పాస్‌వర్డ్ కొట్టాల్సిందే. కొనేముందే *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు సంఖ్య) చూసుకుని, ఆంగ్లంలో కేవైఎం అనే మూడక్షరాలు, ఖాళీ, ఆ నంబరు టైపు చేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపితే, అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది.

ఐఫోన్‌కి వైఫైనో సిమ్ నెట్టో ఉంటే ఐఓఎస్ 15.2 నుంచి లాక్ తెరమీదే చెరిపే వీలుంది. ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టాలి. లేదంటే ఫోన్ స్విచాఫ్ చేసి, పక్క బటన్ పట్టుకునే కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, రికవరీ తెర వచ్చేదాకా పట్టుకోండి. ఐఫోన్ 7 అయితే వాల్యూమ్ డౌన్, 6ఎస్, అంతకుముందువి అయితే హోమ్ బటన్. మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఆపిల్ డివైసెస్ లేదా ఐట్యూన్స్ తెరిచి రిస్టోర్ నొక్కండి. మన నెట్ వేగంతో వచ్చే చిక్కొకటుంది. డౌన్‌లోడ్ 15 నిమిషాలు దాటితే ఫోన్ రికవరీలోంచి బయటికొచ్చేస్తుంది. కేబుల్ పీకకుండా డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి, మళ్లీ మొదట్నుంచి బటన్ పట్టుకోండి. ఫైండ్ మై ఆన్‌లో ఉంటే ఇక్కడా చివర్లో ఆపిల్ అకౌంట్ తప్పదు.

తిరిగి వచ్చేవి, రానివి

జీమెయిల్‌లో సేవ్ అయిన నంబర్లు, గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కిన బొమ్మలు లాగిన్ అవగానే వస్తాయి. ఆండ్రాయిడ్ పూర్తి బ్యాకప్‌తోనే వచ్చింది చిక్కు. దాన్ని తిరిగి దించుకోవాలంటే ఫోన్ పాత స్క్రీన్ లాక్ అడుగుతుంది, అంటే మీరు మర్చిపోయినదాన్నే. అప్పుడు ఆ దశ దాటేసి ముందుకి వెళ్లండి.

వాట్సాప్ పాత నంబరుతోనే, అదే జీమెయిల్ పెట్టాకే మొదలుపెట్టండి. రిస్టోర్ అడిగినప్పుడు స్కిప్ నొక్కితే చాట్‌లు మళ్లీ తెచ్చుకోవడానికి వాట్సాప్ తీసేసి తిరిగి వేసుకోవాల్సి వస్తుంది. ఆరంకెల టూ స్టెప్ పిన్ కూడా మర్చిపోతే, ఈమెయిల్ ఇచ్చి ఉంటే దాంతో మార్చుకోవచ్చు, లేకపోతే ఏడురోజులు ఆగాలి.

యూపీఐ యాప్‌లకి సిమ్ ఈ ఫోన్లోకే తిరిగి రావాలి, అందులో ఎస్సెమ్మెస్ పంపే బ్యాలెన్స్ ఉండాలి. బ్యాంకుకి లింకైన సిమ్ ఏ స్లాట్‌లో ఉందో అడిగితే సరిగ్గా ఎంచుకోండి. పాత యూపీఐ పిన్ మారదు, అది ఫోన్లో కాదు, బ్యాంకు దగ్గర ఉంటుంది. ఫోన్ కొత్తగా నమోదైనట్టు లెక్క కాబట్టి మొదటి 24 గంటలు అయిదు వేల రూపాయలు దాటి పంపనివ్వకపోవచ్చు. ఆ రోజు కిరాణా, ఫీజులు పెద్దవి ఉంటే నగదు దగ్గర పెట్టుకోండి.