జీపీఎస్ పెట్టుకుని వేటకెళ్లేటప్పుడు

మాది గోపాల్‌పూర్. ఊరు ఒడిశాలో ఉన్నా ఇంట్లో మాట తెలుగే, సముద్రంలో తిట్టుకునేదీ తెలుగే. మా అయ్య మహేంద్రగిరి కొండ ఎటు ఉందో, లైట్‌హౌస్ ఎటు ఉందో చూసి వల వేసే చోటు పట్టేసేవాడు. నాకు ఆ కన్ను సగమే వచ్చింది. మిగతా సగానికి జీపీఎస్ పెట్టె కొనుక్కున్నాను.

ముందు ఆ పెట్టెను ఇసుక మీదే ఆన్ చేయండి. చాలా రోజులు ఆపి ఉంచితే ఉపగ్రహాలను పట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అలలు దాటే హడావిడిలో దాని మొహం చూసే తీరిక ఎవరికీ ఉండదు. అది చూపించే చోటు, మీరు నిలబడ్డ చోటు ఒకటేనా అని చూసుకోండి. నవ్వకండి. మా మేనల్లుడు సరదాగా డెమో మోడ్‌లో పెట్టి మర్చిపోయాడు. తెప్ప ఇసుకలో కూరుకుని ఉంది, స్క్రీన్ మీద బాణం మాత్రం హాయిగా పోతూనే ఉంది.

ఇక చోటు చెప్పే అంకెల సంగతి. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు, సెకనంటే నిమిషంలో అరవయ్యో వంతు. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. ఒక జనవరి తెల్లవారుజామున పొగమంచులో, సోనాపూర్ ఎదురుగా మా ఇంజిన్ ఆగిపోయింది. దగ్గర్లో ఉన్నది మా బావ తెప్ప. వైర్‌లెస్‌లో చోటు చెబుతూ ఉత్తరం అంకె (అక్షాంశం) ఇలా చదివాను: "పందొమ్మిది, ఆరు, యాభై". నా పెట్టెలో ఉన్నది 19° 06.500′, అంటే ఆరున్నర నిమిషాలు. బావ పెట్టె సెకన్ల లెక్కలో ఉంది. ఆయన 6 నిమిషాల 50 సెకన్లు అని కొట్టుకున్నాడు. ఆరున్నర నిమిషాలంటే 6 నిమిషాల 30 సెకన్లే కదా. తేడా 20 సెకన్లు. ఉత్తరం అంకెలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. అందులో మూడో వంతు 600 మీటర్ల పైమాటే. ఎండలో అయితే చెయ్యి ఊపితే కనబడే దూరం. ఆ మంచులో ఆయన ఇంజిన్ చప్పుడు వినిపిస్తోంది, తెప్ప కనబడదు. చివరికి నేను ఖాళీ డబ్బా వాయిస్తూ కూర్చుంటే ఆ మోత పట్టుకుని వచ్చాడు. వచ్చాక బావ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అప్పటి నుంచి మా తెప్పలన్నీ ఒకటే పద్ధతి: డిగ్రీలు, నిమిషాలు, పాయింట్ తర్వాత మూడు అంకెలు. సెట్టింగుల్లో మ్యాప్ డేటమ్ అని ఉంటుంది, అంటే భూమి మీద చోటును ఏ లెక్కలో కొలవాలో చెప్పేది, అది డబ్ల్యూజీఎస్ 84లో ఉండాలి. చదివేటప్పుడు ఒక్కో అంకె విడిగా: "సున్నా ఆరు, పాయింట్, అయిదు, సున్నా, సున్నా". అవతలివాడు తిరిగి చదివి చెప్పేదాకా వదలొద్దు.

లోతు చూపించే ఎకో సౌండర్‌తోనూ ఇలాంటి తంటాయే. 10 అని చూపిస్తే అది అడుగులా, మీటర్లా, బారలా? బార అంటే ఆరడుగులు. బారల్లో అలవాటైనవాడు అడుగుల్లో ఉన్న పెట్టెను చూసి, నీళ్లు బోలెడున్నాయనుకుని నడిపితే ఇసుక తిన్నె మీదికి ఎక్కుతాడు. పైగా అది తెప్ప కింద ఏముందో చెబుతుంది, ముందు ఏముందో చెప్పదు.

తిరుగు దారికి గుర్తు పెట్టేటప్పుడు ఇంటి దగ్గర ఒడ్డున పెట్టకండి. అలలు విరిగే చోటికి బాగా బయట, లోతు నీళ్లలో పెట్టండి. అక్కడి నుంచి లోపలికి కళ్లతోనే రావాలి. "అక్కడికి వెళ్లు" నొక్కితే పెట్టె సూటి గీత గీస్తుంది. ఆ గీత మీద రేవు రాళ్ల కట్ట ఉన్నా దానికి పట్టదు. రుషికుల్య నది వైపు నుంచి మా ఊరికి వచ్చేవాళ్లు ఒడ్డుకు దగ్గరగా సూటిగా కొడితే పోర్టు రాళ్లు తగులుతాయి, అందుకే సముద్రం వైపు మధ్యలో ఇంకో గుర్తు పెట్టుకోవాలి. బహుదా నది నోరు, రుషికుల్య నోరు అయితే ఏటేటా ఇసుకతో మారిపోతాయి. నిరుటి దారి గుర్తు ఈ ఏడు చెరిపేయండి.

పెట్టెలో వేసుకోవాల్సిన హద్దు ఇంకోటి ఉంది. రుషికుల్య నోటి వైపు తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. ఆ హద్దు దగ్గరికి రాగానే మోగేలా అలారం పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

చాలామందికి తెలియనిది ఒకటి చెబుతాను. లోపల కంపాస్ లేని చేతి జీపీఎస్‌లు మీరు కదులుతుంటేనే దిక్కు చెబుతాయి. ఇంజిన్ ఆగితే బాణం ఎటు పడితే అటు తిరుగుతుంది. అప్పుడు అక్కరకొచ్చేది పాత కంపాసే. దాని పక్కన ఫోన్, కత్తి, స్పీకర్ పెట్టకండి, ముల్లు పక్కకు లాగుతుంది. ఇంజిన్ లేకపోయినా నీటి వాలు మిమ్మల్ని మోసుకుపోతుంది. మా వైపు ఫిబ్రవరి నుంచి మే దాకా ఎక్కువగా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. లంగరు వేసి నిద్రపోయేటప్పుడు, తెప్ప జరిగితే మోగే డ్రిఫ్ట్ అలారం పెట్టుకోండి.

రాత్రి స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి. అదే చూస్తూ కూర్చుంటే చీకట్లో ఓడ దీపం కనబడదు. చుట్టూ ఉన్న ఓడలను స్క్రీన్ మీద చూపే ఏఐఎస్ ఉన్నా అది సిగ్నల్ పంపే ఓడలనే చూపిస్తుంది, మనలాంటి ఫైబర్ తెప్పలు చాలావరకు అందులో ఉండవు. ఓడ రాడార్‌కూ మనం సరిగ్గా ఆనం. అందుకే రాడార్ తరంగాలను వెనక్కి కొట్టే రిఫ్లెక్టర్ ఒకటి కర్రకు కట్టాం. అయినా ఒకడు మేలుకుని చుట్టూ చూడాల్సిందే.

ఆపదలో వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్‌లో ఛానల్ 16. ఆపదలో ఉన్నామని చెప్పే పిలుపు "మేడే" మూడుసార్లు, తెప్ప పేరు మూడుసార్లు, ఉన్న చోటు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు. మాట అయ్యాక బటన్ వదలండి, వదలకపోతే జవాబు వినబడదు. సిగ్నల్ ఉంటే ఫోన్లో 1554, అది కోస్ట్ గార్డ్ నంబరు. మనిషి నీళ్లలో పడితే అరుస్తూనే పెట్టె మీద ఎంఓబీ (మనిషి పడ్డ చోటును గుర్తు పెట్టే) బటన్ నొక్కండి. ఆ చోటు పెట్టెలో నిలిచిపోతుంది. కొత్తవాళ్లకు ఈ బటన్ ఎక్కడుందో ఒడ్డునే చూపించండి.

ఒడ్డుకొచ్చాక పెట్టెలను మంచినీళ్ల తడిగుడ్డతో తుడవండి. సెల్స్ తీసి విడిగా పెట్టండి. ఆ రోజు చేపలు పట్టిన చోట్లు నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకోండి. పెన్ను రాత తడిస్తే పోతుంది.