రంగు పడని సైన్యం, మూడో పాఠం: తలలు కాదు, మొండేలు

కొని దాచుకుని ఇంకా రంగు వేయని చిన్న బొమ్మ సైనికుల్ని లెక్కపెట్టి పద్దు రాసుకోవడం గురించి ఈ పాఠాలు. ఈ వారం పద్దు పట్టిక గీయడం నేర్పుదామనుకున్నాను. కుదరదు. రెండో పాఠంలో "ఉన్నవన్నీ బయటికి తీసి ఒక్క దుప్పటి మీద పరవండి" అని రాశాను కదా, చాలామంది ఆ మాటను మరీ శ్రద్ధగా పాటించారు. పెట్టెలు విప్పారు, కవర్లు చింపారు, ఖాళీ అట్టపెట్టెల్ని పాత పేపర్లవాడికి తూకానికి వేసేశారు. ఇప్పుడు దుప్పటి మీద బూడిదరంగు ఫ్రేములు (బొమ్మల ముక్కలు కడ్డీలకు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) గుట్టగా పడున్నాయి, ఏది ఏ పెట్టెదో ఎవరికీ తెలియదు. తప్పు నాదే. బయటికి తీయడమంటే సజ్జ మీంచి, మంచం కిందనుంచి, బీరువా వెనకనుంచి అని నా ఉద్దేశం. కవర్లోంచి కాదు. అంత చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సింది.

కూకట్‌పల్లి నుంచి ఒకాయన రాశారు: ఆయన టీ తాగి వచ్చేలోపు ఎనిమిదేళ్ల కూతురు ఫ్రేములన్నింటినీ పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు చక్కగా సర్దేసిందట. ఆ అమ్మాయిని ఏమీ అనకండి సార్. పని సగం చేసి పెట్టింది.

ఎందుకంటే గుట్ట కలిసిపోయినవాళ్లు చేయాల్సిందీ అదే. ఒకే అచ్చులోంచి వచ్చిన ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పెడితే భోజనం ప్లేట్లలా సర్దుకుని కూర్చుంటాయి. వేరే అచ్చుది అయితే ఎక్కడో ఒకచోట ఎత్తుగా లేస్తుంది. ముందు అలా దొంతులు పెట్టండి. తర్వాత ఒక్కో దొంతి పైనున్న ఫ్రేమును తీసుకుని, ఫోన్ టార్చి పక్కవాటుగా కొట్టి అంచు చూడండి. గట్టి ప్లాస్టిక్ ఫ్రేముల మీద సన్నటి అక్షరాలు అచ్చయి ఉంటాయి: చాలావాటి మీద కంపెనీ పేరు, కొన్నిటి మీద సంవత్సరం, ముక్కల పక్కన అంకెలు. ఆ పేరూ అంకెలూ పట్టుకుని వెతికితే ఏ ముక్క ఎక్కడ అతికించాలో చెప్పే కాగితం ఫోన్లోనే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. గేమ్స్ వర్క్‌షాప్ (వార్‌హామర్ బొమ్మలు చేసే కంపెనీ) ఫ్రేము మీద 2004 అని ఉంటే అది అచ్చు తయారైన కాలం. అదే అచ్చు ఏళ్ల తరబడి నడుస్తుంది. మీరు కొన్నది నిన్నే కావచ్చు. ఆ అంకె చూసి "నా పాత స్టాకు" అని విడిగా పద్దు రాసుకున్నవాళ్లు ముగ్గురున్నారు, కొట్టేయండి.

ఇక నన్ను ఈ పదిహేను రోజులూ వేధించిన సంగతి.

ఒకాయన లెక్క పంపారు: వార్‌హామర్ 40,000 అనే బల్ల మీది యుద్ధపు ఆటలోని స్పేస్ మెరీన్లు అనే సైనికులు, టాక్టికల్ స్క్వాడ్ పెట్టెలు ఎనిమిది, బొమ్మలు 120. పెట్టెకు పదే బొమ్మలు. ఎనిమిది పదులు ఎనభై. మిగతా నలభై మంది ఎక్కడినుంచి దిగారు? తలల్లోంచి. ఆ ఫ్రేముల మీద హెల్మెట్ పెట్టినవి, పెట్టనివి, తలలు కావాల్సినదానికన్నా ఎక్కువే ఇస్తారు, మనకు నచ్చింది తగిలించుకోమని. చేతులూ అంతే, తుపాకులూ అంతే. ఆయన తలలు లెక్కపెట్టారు.

తలలు లెక్కపెట్టకండి. మనుషుల్ని తలలతో లెక్కిస్తాం కాబట్టి చెయ్యి దానంతటదే తల మీదికి పోతుంది, తెలుసు. కానీ ప్లాస్టిక్ కిట్టులో తల మిగులు సరుకు. మొండెం మిగలదు. కాబట్టి మొండేలు లెక్కపెట్టండి. మొండెం ముందుచెక్క, వెనకచెక్క విడివిడిగా వస్తే (పైన చెప్పిన మెరీన్లకు అలాగే వస్తుంది) కాళ్లు లెక్కపెట్టండి, రెండు కాళ్లూ కలిసి ఒకే ముక్కగా ఉంటాయి. గుర్రపు దళమైతే రౌతుల్నే లెక్కించాలి, గుర్రాల్ని కాదు. గట్టి ప్లాస్టిక్ గుర్రం చాలాసార్లు కుడి ఎడమ రెండు చెక్కలుగా ఉంటుంది, పన్నెండు గుర్రాలు ఇరవైనాలుగయ్యాయని సంబరపడినవాళ్లూ ఉన్నారు. ఫిరంగి ఒకటి, దాని వెంట నలుగురు మనుషులు ఉంటే అది "ఫిరంగి 1, మనుషులు 4" అని రెండు వరుసలు. కలిపి అయిదు అని రాయకండి. రంగు వేసే రోజున ఫిరంగికి పట్టే సమయం వేరు, మనిషికి పట్టే సమయం వేరు.

ఇంకోరకం ఉంది. ఒకే కిట్టుతో ఇదైనా చేయొచ్చు, అదైనా చేయొచ్చు అని పెట్టె మీద రెండు బొమ్మలు వేస్తారు. ఇదీ అదీ రెండూ కావు. ఏదో ఒకటే. పద్దులో ఒక్కటే రాసి, ఏది చేయాలో తేల్చుకోలేదని పక్కన చిన్న చుక్క పెట్టుకోండి.

బేసులు (బొమ్మ కాళ్ల కింద అంటించే పీటలు) లెక్కపెడితే సరిపోదా అని అడిగారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. కొత్త పెట్టె విప్పకుండా ఉంటే పనిచేస్తుంది. కానీ విడిగా కొన్న బేసుల సంచి ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పైగా మెరీన్ల బేసు 25 మిల్లీమీటర్ల నుంచి 32కి మారాక చాలామంది పాతవి పీకి కొత్తవి అంటించారు, పీకినవి పారేయలేదు. ఆ ఇంట్లో ఒక్కో సైనికుడికి రెండేసి పీటలు.

మా నాన్న వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు. ఏడు దగ్గరికొస్తే "ఆరున్నొక్కటి". ఏడుపు మాట పంటలో ఎందుకని. ఏ పేరుతో పిలిచినా కుంచం మాత్రం కుంచమే, అరకుంచం దాంట్లో కలిసేది కాదు. మీ కుంచం ఏదో ముందు తేల్చుకోండి. నా కుంచం మొండెం.

నా లెక్క కూడా చెప్పేస్తాను, నవ్వుకోండి. నాకు నెపోలియన్ కాలపు ఫ్రెంచి కాల్బలం పిచ్చి. దానికి కారణం మలక్‌పేట. ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది కదా, నిజాం కొలువులో పటాలాలు నడిపిన ఫ్రెంచివాడు, 1798లో పోయాడు. ఆయన పోయిన కొద్ది నెలలకే ఆ పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఆ సిపాయిల్ని బల్ల మీద నిలబెట్టాలని ఎప్పటినుంచో కోరిక. అచ్చంగా వాళ్ల బొమ్మలు నాకెక్కడా కనబడలేదు, అందుకని ఫ్రెంచి పెట్టెలు కొని తలలు మార్చుదామనుకున్నాను. ఆరు పెట్టెలు కొన్నాను. తలలు విడిగా ఇంకో మూడు సంచులు. మొదటిసారి లెక్కపెడితే 611. మొండేలతో లెక్కపెడితే 438. మధ్యలో ఉన్న 173 మందినీ నేను తలలుగానే కొన్నాను. ఆ రాత్రి మా ఆవిడ "ఇంతకీ ఎన్నున్నాయండీ?" అంటే "నాలుగొందల చిల్లర" అన్నాను. "చిల్లరా!" అంది.

అచ్చు పోసిన లోహపు బొమ్మలకు నాదో అడ్డదారి ఉంది: వంటింటి డిజిటల్ కాటా. ఒకే భంగిమ, ఒకే సైజువి పది తీసి తూయండి. తర్వాత మొత్తం తూయండి. మొత్తాన్ని పదింటి బరువుతో భాగించి పదితో హెచ్చవేయండి. 15 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మల సైన్యాలున్నవాళ్లకు ఇది ప్రాణం. రకరకాల భంగిమలు కలిస్తే పనికిరాదు. ఫ్రేములకూ వద్దు, ముక్కలు కోసేశాక మిగిలిన కడ్డీలు కూడా తూకంలో కూర్చుంటాయి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండొచ్చు. కాటా గిన్నె వంటకు వాడేది కాకుండా చూసుకోండి, పని కాగానే చేతులు సబ్బుతో కడగండి.

పద్దులో గడులు మూడు చాలు: ఫ్రేము మీదున్నవి, అతికించినవి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పడ్డవి. సగం అతికినవి అతికించనివే. ఒక చెయ్యి లేకపోయినా అంతే, వాదన వద్దు. ప్రైమర్ పడ్డది రంగు పడ్డట్టు కాదు, ఆ ఆశ కూడా వద్దు. నాలుగో గడి కావాలంటే ఏ పదార్థమో రాసుకోండి. గట్టి ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్ సిమెంటు కరిగించి అతుకుతుంది, రెజిన్ అనే పోతపోసే పదార్థానికీ లోహానికీ సూపర్ గ్లూ కావాలి. పాత 1/72 (అసలు మనిషిలో డెబ్బైరెండో వంతు) సైజు మెత్తటి ప్లాస్టిక్ సైనికులు చాలావరకు ఒకే ముక్క, వాళ్లకు జిగురు గొడవే లేదు.

ఎక్కడ పెట్టాలని అడిగినవాళ్లకు: బేగంబజార్లో మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చుకోండి, లోపల కనబడేవి. వానాకాలం అట్టపెట్టె మెత్తబడుతుంది. రెజిన్‌వి మాత్రం సజ్జ మీద వద్దు, పైకప్పు కింద మే నెల ఎండకు బల్లేలు వంగి కూర్చుంటాయి. వంగినవాటిని వేడినీళ్లలో ముంచి, సరిచేసి, చన్నీళ్లలో పెడితే నిలబడతాయి. నాకు తెలిసి రెండోసారికీ నిలబడతాయి, మూడోసారికి విరిగాయి.

అభ్యాసం. మొత్తం గుట్టను రెండుసార్లు లెక్కపెట్టాలి, రెండు వేర్వేరు రోజుల్లో. రెండోరోజు మొదటిరోజు కాగితం చూడకూడదు. నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత, అంతే, యాప్ వద్దు. వందకు రెండు కన్నా ఎక్కువ తేడా వస్తే మూడోసారి. వెయ్యి బొమ్మలున్నవాళ్లకు రెండు ఆదివారాలు పోతాయి, పోనివ్వండి. తర్వాత పద్దు పుస్తకాన్ని ఇంట్లో ఈ బొమ్మలంటే ఏమీ తెలియని మనిషి చేతికిచ్చి, అందులో ఒక వరుస మీద వేలు పెట్టి "ఇది తెచ్చివ్వండి" అనండి. మా ఇంట్లో ఈ పరీక్ష అత్తయ్యగారికి పెట్టాను. "డబ్బా 4, నీలం మూత, ఫిరంగి" అని రాసుంటే నీలం మూతలు రెండున్నాయని తేల్చి, రెండూ తెచ్చి నా ముందు పెట్టారు. డబ్బాల మీద అంకె వేయలేదు నేను. మూడు నిమిషాల్లో వస్తువు చేతికి రాకపోతే పద్దు మళ్లీ రాయండి.

నాలుగో పాఠానికి పాత టూత్‌బ్రష్ ఒకటి, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త దగ్గర పెట్టుకోండి. ఈసారి కవర్లు విప్పమని నేను రాసేదాకా విప్పొద్దు.