బుక్కుమి పగులుతోందా, పూర్ణం కారుతోందా: లోపం ఎక్కడ, సరిచేయడం ఎలా

కొరియాలోని గాంగ్‌వాన్ ప్రాంతంలో జొంగ్‌సొన్ అనే ఊరుంది. అక్కడ 2, 7తో ముగిసే తేదీల్లో సంత జరుగుతుంది. ఆ సంతలో పెద్ద పెనాల మీద వేయించి అమ్మే తీపి వంటకమే బుక్కుమి. జిగురు బియ్యప్పిండితో చిన్న రొట్టె ఒత్తి, పెనం మీదే పూర్ణం పెట్టి కజ్జికాయలా మడుస్తారు. జొన్నపిండి కలిపి చేస్తే అది సుసు బుక్కుమి. ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు మొదటి వాయి చెడిపోవడం మామూలే. టెన్షన్ పడి పిండి పారేయకండి, చాలావరకు సరిచేసుకోవచ్చు.

ఒత్తుతుంటే అంచులు పగులుతున్నాయి

నీళ్లు చాలకపోయి ఉండాలి, లేదా అవి సరిగా మరగకపోయి ఉండాలి. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ. జిగురు బియ్యంలో జిగురే తప్ప గ్లూటెన్ ఉండదు. అందుకే చపాతీపిండిలా ఎంత మర్దించినా సాగదు. మరిగే నీళ్లకు పిండిలో కొంత భాగం ఉడికితేనే పట్టు వస్తుంది. జొన్నరొట్టెకు ఎసరు పోసి పిండి కలిపేవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. ఇలా కలపడాన్ని కొరియన్లు ఇక్‌పన్‌జుక్ అంటారు.

ప్యాకెట్లో దొరికే పొడిపిండి 200 గ్రాములకు చిటికెడు ఉప్పు వేసి, తెర్లుతున్న నీళ్లు 150 మిల్లీలీటర్లు పోసి గరిటెతో కలపండి. చెయ్యి పట్టే వేడికి వచ్చాక, చాలకపోతే చెంచా చొప్పున వేడినీళ్లు చేరుస్తూ అయిదు నిమిషాలు పిసకండి. ముద్ద చెవితమ్మె అంత మెత్తగా ఉండాలి. అప్పటికీ పగిలితే నిమ్మకాయంత ముద్ద తీసి, మరిగే నీళ్లలో తేలేదాకా ఉడికించి, మళ్లీ అదే పిండిలో కలిపి పిసకండి. ఆ ఉడికిన ముద్ద మిగతా పిండినంతా పట్టి ఉంచుతుంది. ఒత్తేటప్పుడు మిగిలిన పిండి మీద తడిగుడ్డ కప్పడం మాత్రం మరవొద్దు.

పిండి జారుగా అయిపోయింది

కొరియాలో ఉండేవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. నానబెట్టిన బియ్యాన్ని మరపట్టించిన తడిపిండి అక్కడ ఫ్రీజర్లలో దొరుకుతుంది. దానికి పొడిపిండి కొలత పోస్తే దోసెపిండి అవుతుంది. తడిపిండి 200 గ్రాములకు రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. దానిలో ముందే ఉప్పు కలిపి ఉండొచ్చు, చూసుకోండి. జారిన ముద్దకు అదే రకం పిండి కొద్దికొద్దిగా చేర్చితే చాలు.

రొట్టె సాగదు, పుటుక్కున విరుగుతుంది

మీరు తెచ్చింది మామూలు బియ్యప్పిండి. కొరియన్ ప్యాకెట్ మీద చప్సల్ అని ఉంటే జిగురు బియ్యం, మెప్సల్ అంటే మామూలు బియ్యం. మూడు తలల ఏనుగు బొమ్మతో వచ్చే థాయ్ ప్యాకెట్లలో ఆకుపచ్చ అక్షరాలది జిగురుపిండి, ఎర్ర అక్షరాలది మామూలుది. మామూలు పిండితో బుక్కుమి రాదు. దాన్ని ఉడికించి జిల్లేడుకాయలు చేసుకోండి, హాయిగా ఉంటాయి. జొన్నపిండి విషయంలోనూ ఇలాంటి మెలిక ఉంది. సుసు బుక్కుమికి వాడేది జిగురు జొన్న. మన జొన్నలకు ఆ జిగురు లేదు కాబట్టి మూడు వంతుల జిగురుపిండికి ఒక వంతు మించి కలపకండి.

మడత అతుక్కోదు, పూర్ణం బయటికొస్తుంది

అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. నేను చాలాకాలం రొట్టెను రెండు వైపులా ఎర్రగా కాల్చి మడిచేదాన్ని. కాలిన పైపొర కాలిన పొరకు అతుక్కోదు, అంచు నోరు తెరుచుకునేది.

సన్నని మంట మీద నూనె రాసి, అర సెంటీమీటరు మందం రొట్టె వేయండి. అడుగు గట్టిపడేదాకా కదపకండి. తిప్పాక రొట్టెనే చూస్తూ ఉండండి. ఉడికే సగ్గుబియ్యంలా పిండి అంచు నుంచి లోపలికి తెలుపు పోయి నిగనిగలాడుతుంది. మధ్యలో రూపాయి బిళ్లంత తెలుపు మిగిలినప్పుడు పూర్ణం పెట్టి, మడిచి, గరిటె అంచుతో చుట్టూ నొక్కండి. ఆ కాస్త తెలుపు మడిచాక లోపలి వేడికే ఉడుకుతుంది. రంగు తెచ్చే పని మడిచాకే. పొంగితే గరిటెతో మెల్లగా అదమండి.

ఇలా చేసినా కారుతోందంటే పూర్ణం పలచబడిందన్నమాట. మళ్లీ పొయ్యి మీద పెట్టి, ఉండ చేస్తే చేతికి అంటనంత దగ్గరపడేదాకా కలిపి, పూర్తిగా చల్లార్చండి. కొరియాలో పూర్ణానికి అజుకి అనే చిన్న ఎర్రగింజలు ఉడికించి వాడతారు, వగరు పోవడానికి మొదటి నీళ్లు పారబోస్తారు. అవి దొరక్కపోతే పెసరపప్పు పూర్ణం పెట్టండి. అక్కడా పెసరపూర్ణం పెడతారు, కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

పైన మాడి, లోపల పచ్చిగా ఉంది

మంట ఎక్కువైంది. తగ్గించి, పెనం అంచున చెంచాడు నీళ్లు చల్లి ఒక్క నిమిషం మూత పెట్టండి.

ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి

పెనం మీద దూరంగా వేయండి. దించాక చక్కెర చల్లిన పళ్లెంలో విడివిడిగా పరిస్తే అంటుకోవు.

మర్నాటికి రాయిలా అయింది

ఫ్రిజ్ చలికి పిండి తొందరగా బిగుసుకుంటుంది. మిగిలినవి చల్లారగానే ఒక్కోటి విడిగా చుట్టి ఫ్రీజర్లో పెట్టండి. తినేముందు బయట పెట్టి మెత్తబడనిచ్చి, కాస్త నూనెతో సన్నమంట మీద మూతపెట్టి వేడిచేస్తే మళ్లీ సాగుతాయి. చక్కెర వేడిచేశాకే చల్లండి, ముందే చల్లితే కరిగి పెనానికి పట్టేస్తుంది.