పాత బడ్జెట్ ల్యాప్‌టాప్ కొనొచ్చా? ముందు జబ్బేంటో చూడండి

ఐదారేళ్ల కిందటి బడ్జెట్ ల్యాప్‌టాప్ ఏదైనా అమ్మకానికి వచ్చిందంటే అది నెమ్మదిగానే ఉంటుంది, అందులో అనుమానం లేదు. చూడాల్సింది ఆ నెమ్మదితనం ఎక్కడుందన్నది. విప్పి మార్చేయగల భాగంలో ఉంటే కొనొచ్చు, బేరం కూడా గట్టిగా ఆడొచ్చు. మదర్‌బోర్డుకే అతికించేసిన భాగంలో ఉంటే ఎంత చవగ్గా వచ్చినా వదిలేయాలి. 'ఐ5 ప్రాసెసర్, 8 జీబీ, కండిషన్ సూపర్' అన్న ప్రకటన చూసి ఇది తేల్చలేం. మెషీన్ ముందు ఓ అరగంట కూర్చుంటే మాత్రం తేలిపోతుంది.

కింద రాసినవన్నీ ఆ అరగంటలో కంటపడేవే. విండోస్ ల్యాప్‌టాప్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మనకు కావాల్సింది అందులోని పెర్ఫార్మెన్స్ ట్యాబ్. నెట్‌కు మీ ఫోన్ హాట్‌స్పాట్ చాలు. మీరు వెళ్లేసరికే అమ్మేవారు ఆన్ చేసి పెట్టుంటే రీస్టార్ట్ కొట్టించండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే విండోస్ ఫాస్ట్ స్టార్టప్ (ఆపేముందు కొంత దాచుకుని తొందరగా తెరుచుకునే పద్ధతి) పుణ్యమా అని అసలు రంగు బయటపడదు.

ఆన్ చేశాక చాలాసేపు ఏదీ కదలదు, డిస్క్ 100 శాతం

డెస్క్‌టాప్ కనిపిస్తుంది కానీ ఏ ఐకాన్ నొక్కినా స్పందన ఉండదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) 10, 20 శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోతుంది. పాత బడ్జెట్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. చాలామంది 'ఇది పోయిన మెషీన్' అనుకునేదీ దీన్ని చూసే. నిజానికి కొనేవాళ్లకు ఇది శుభవార్త.

కారణం హార్డ్ డిస్క్. బడ్జెట్ మోడళ్లలో పెట్టేది ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరిగే రకం. ఆ పళ్లెం ఒక చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది, పైగా హెడ్ సరైన చోటికి జరగాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది. ఈ డిస్క్ సెకనుకు వంద కూడా తెచ్చివ్వలేదు. చిప్‌లతో చేసిన డిస్క్ ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి అది సెకనుకు వేలల్లో ఇస్తుంది.

పరిష్కారం 2.5 అంగుళాల సాటా (పాత డిస్క్ వాడే కనెక్షన్ రకమే) ఎస్ఎస్‌డీ. వెనక మూత విప్పి, పాత డిస్క్ తీసి, అదే సాకెట్‌లో దీన్ని గుచ్చడమే. సాటా వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుందని, ఇంకో వేగమైన రకం ఎన్‌వీఎంఈ అయితే ఇంకా ఎన్నో రెట్లని చెప్పేవాళ్లుంటారు. ఈ తరగతి మెషీన్‌లో ఆ తేడా మీకు తెలియదు, టెన్షన్ పడకండి. ఎం.2 స్లాట్ (సన్నటి పట్టీలాంటి ఎస్ఎస్‌డీ గుచ్చే చోటు) ఉందని ఎవరైనా చెబితే మాత్రం అది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా అని సర్వీస్ మాన్యువల్‌లో చూసుకునే కొనండి. పాత మోడళ్లలో సాటా మాత్రమే తీసుకునే ఎం.2 స్లాట్లు బాగానే ఉన్నాయి. అందులో ఎన్‌వీఎంఈ పెడితే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) కూడా కనిపించదు. పాత విండోస్‌నే కొత్త డిస్క్‌లోకి క్లోన్ చేయడం కన్నా కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం మేలు. ఎవరో వాడిన మెషీన్‌లో ఏమేం ఉన్నాయో మనకెందుకు?

ఇక్కడే ఓ మెలిక ఉంది. డిస్క్ మొత్తం సైజు 29 జీబీ అనో 58 జీబీ అనో చూపిస్తే అది హార్డ్ డిస్క్ కాదు, మామూలు ఎస్ఎస్‌డీ కూడా కాదు. 32 లేదా 64 జీబీ ఈఎంఎంసీ చిప్. బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, మార్చలేం. 32 జీబీ వాటిలో విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చోటు చాలదన్న గోలే. ఇంకో డిస్క్ పెట్టుకునే ఖాళీ స్లాట్ లోపల ఉందని మాన్యువల్ చెబితే తప్ప వద్దనేస్తాను.

నాలుగు ట్యాబ్‌లు తెరవగానే బిగుసుకుపోతుంది

మెమరీ (ర్యామ్) 90 శాతం దాటి ఉంటుంది. ఉన్నది 4 జీబీ. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ కూడా అందులోంచే కొంత తీసుకుంటుంది, విండోస్‌కు పోగా బ్రౌజర్‌కు మిగిలేది కాస్తే. చాలనప్పుడు విండోస్ డిస్క్‌ను మెమరీగా వాడటం మొదలుపెడుతుంది. ఆ డిస్క్ పైన చెప్పిన తిరిగే రకమైతే ఇక చెప్పనక్కర్లేదు.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే కింద 'స్లాట్స్ యూజ్డ్' అని ఓ వరుస ఉంటుంది. '1 ఆఫ్ 2' అని ఉంటే హాయి, ఖాళీ స్లాట్‌లో ఇంకో స్టిక్ గుచ్చితే సరిపోతుంది. 'ఫామ్ ఫ్యాక్టర్' దగ్గర 'సోడిమ్' అంటే విప్పి మార్చుకునే రకం. 'రో ఆఫ్ చిప్స్' అంటే బోర్డుకు అతికించింది. ఈ వివరాలు బయోస్ చెప్పినవి, అప్పుడప్పుడూ తప్పు చెబుతుంది. అనుమానమొస్తే మోడల్ నంబర్‌తో మాన్యువల్ చూడండి, లేదా మూత విప్పి చూపించమనండి.

అతికించిన 4 జీబీ ఒక్కటే ఉండి, స్లాట్ అన్నదే లేకపోతే విండోస్‌కు ఆ మెషీన్ పనికిరాదు. అతికించింది 4 జీబీ, పక్కన ఒక స్లాట్ ఉంటే ఇంకో 4 చేర్చి 8 చేసుకోవచ్చు. ప్రాసెసర్ అనుమతిస్తే రెండూ కలిసి డ్యూయల్ ఛానెల్‌లో (ఒకేసారి రెండు దారుల్లో) నడిచి గ్రాఫిక్స్ కూడా కాస్త ఊపందుకుంటాయి. స్టిక్ కొనేముందు రకం చూసుకోండి. డీడీఆర్3ఎల్ 1.35 వోల్ట్‌ల మీద నడుస్తుంది, మామూలు డీడీఆర్3కి 1.5 కావాలి. రెండూ ఒకే స్లాట్‌లో దూరతాయి, కానీ ఎల్ రకం అడిగే ల్యాప్‌టాప్‌లో మామూలుది పెడితే ఆన్ కాకపోవచ్చు. డీడీఆర్4కి గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి ఆ పొరపాటుకు వీల్లేదు.

అన్నీ బాగానే ఉన్నా సీపీయూ 100 దగ్గరే

ఎస్ఎస్‌డీ ఉంది, 8 జీబీ ఉంది, అయినా ఓ వీడియో పెట్టి ఇంకో ట్యాబ్ తెరిస్తే సీపీయూ 100 కొడుతోంది. ఇదీ అసలు జబ్బు, దీనికి మందు లేదు. ఈ తరగతి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికించి ఉంటుంది.

సెలెరాన్ ఎన్4000, ఎన్4020 లాంటి వాటిలో ఉన్నవి రెండే కోర్లు (పనిచేసే భాగాలు), రెండే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). ఏఎండీ పాత ఈ1, ఈ2, ఏ4 రకాలూ నెమ్మదివే. స్టిక్కర్ మీద ఐ7 అని ఉన్నా మోసపోవచ్చు. ఐ7-7500యూలో రెండే కోర్లు. దాని తర్వాతి తరం ఐ5-8250యూలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2017లో ఇంటెల్ ఎనిమిదో తరం దగ్గర పేరు చివర యూ ఉండే ఐ5, ఐ7 ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు ఒక్కసారిగా రెండు నుంచి నాలుగు కోర్లకు ఎగబాకాయి. అందుకే పాత ఇంటెల్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఐ3, ఐ5, ఐ7 అన్న పేరు కన్నా గీత తర్వాత వచ్చే తరం అంకె (ఏడో తరానికి 7, పదో తరానికి 10) ముఖ్యం. ఏడూ అంతకన్నా తక్కువైతే ఆలోచించండి, ఎనిమిదీ ఆపైనైతే ముందుకెళ్లండి.

వీడియో ఒక్కటే తడబడుతూ, మిగతా పనులు సాఫీగా సాగుతుంటే కారణం వేరే అయ్యుండొచ్చు. యూట్యూబ్ ఇప్పుడు వీపీ9, ఏవీ1 ఫార్మాట్లలో వీడియో పంపుతుంది. వాటిని విప్పే ప్రత్యేక సర్క్యూట్ చిప్‌లో లేకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది. ఇంటెల్‌లో వీపీ9కి పూర్తి సర్క్యూట్ ఏడో తరంలో, ఏవీ1కి పదకొండో తరంలో వచ్చింది. పాత హెచ్.264 ఫార్మాట్‌లోనే పంపమని అడిగే ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్‌కు దొరుకుతాయి. ఒకటి వేసి అదే వీడియో మళ్లీ ఆడించి చూడండి. సీపీయూ దిగి వస్తే ఆ మెషీన్‌ను కొట్టిపారేయక్కర్లేదు.

మొదట బాగుంది, కాసేపటికి నత్తనడక

పది నిమిషాలు హుషారుగా నడిచి ఆ తర్వాత చతికిలబడితే అది వేడి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 'స్పీడ్' చూస్తూ ఉండండి. ఫ్యాన్ హోరెత్తుతుంటే వేగం 'బేస్ స్పీడ్' కన్నా కిందకు జారిపోతుంటుంది. కరిగిపోకుండా ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటోందన్నమాట. లోపల హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు భాగం) రెక్కల ముందు దుమ్ము పేరుకుని చిన్న దుప్పటిలా తయారై ఉంటుంది, ప్రాసెసర్ వేడిని దానికి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండి పెళ్లలు కట్టి ఉంటుంది. మూత విప్పి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టాలి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది ఓ చుక్క పెట్టాలి. ఇది కొనకుండా పోవాల్సినంత జబ్బేం కాదు.

ఆన్ చేసినప్పటి నుంచే, చల్లగా ఉన్నా కూడా, వేగం 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో ఇంకా తక్కువో అతుక్కుపోయి ఉంటే ఛార్జర్‌ను అనుమానించండి. కొన్ని మోడళ్లు తమ ఛార్జర్‌ను గుర్తు పట్టలేకపోతే కావాలనే వేగం తగ్గించేసుకుంటాయి, బ్యాటరీని కూడా ఛార్జ్ చేయవు. పిన్ మధ్యలో ఉండే సన్నటి తీగ వంగిపోయినా ఇంతే. అసలు ఛార్జర్‌తో పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది. ఈ ఒక్క లక్షణం వల్ల మంచి మెషీన్లు చెత్త రేటుకు పోతుంటాయి, మీ అదృష్టం బాగుంటే మీకే దొరకొచ్చు.

విండోస్ 11 ఎక్కనంటోంది

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం కూడా 2026 అక్టోబర్ 13 వరకే. కాబట్టి పాత ల్యాప్‌టాప్ మీద విండోస్ 10 ఉందంటే 11 ఎక్కుతుందా లేదా అన్నది కొనేముందే చూడాలి.

ఎక్కనప్పుడు కారణాలు రెండు రకాలు. టీపీఎం 2.0 లేదనో, సెక్యూర్ బూట్ లేదనో (రెండూ భద్రతా ఏర్పాట్లే) చెబితే కంగారొద్దు, చాలాసార్లు అవి ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటాయి. టీపీఎంకు ఇంటెల్ మెషీన్లలో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని పేరుంటుంది. ఆన్ చేస్తే సరి. పాత లెగసీ పద్ధతిలో విండోస్ వేసి ఉంటే బయోస్‌ను కొత్త పద్ధతి యూఈఎఫ్ఐకి మార్చి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుంది. ప్రాసెసరే పనికిరాదంటే మాత్రం అది రెండో రకం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. చెక్ దాటించి ఎక్కించే ఉపాయాలున్నాయి కానీ, అలా వేసిన మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. బ్యాంకు పనులు చేసే ల్యాప్‌టాప్ మీద నేనైతే ఆ పని చేయను. లినక్స్ మింట్ వేసుకుని బ్రౌజర్, రాతకోతలు, వీడియోలతో సరిపెట్టుకోగలరంటే 8 జీబీ ఉన్న ఏడో తరం మెషీన్ కూడా చక్కగా పనికొస్తుంది.

అనుమతి ఉన్న జాబితాలో పేరున్నంత మాత్రాన వేగంగా నడుస్తుందని అర్థం కాదు. పైన తిట్టిన ఎన్4020 కూడా ఆ జాబితాలో ఉంది.

ఛార్జర్ తీయగానే ఆరిపోతుంది

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఓ నివేదిక ఫైల్ తయారవుతుంది. అందులో 'డిజైన్ కెపాసిటీ', 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' రెండూ పోల్చండి. 40,000 ఉండాల్సిన చోట 20,000 చూపిస్తే సగం ప్రాణం పోయినట్టే. 40 శాతం చూపిస్తూ చూపిస్తూ టప్పున ఆరిపోతే ఒక సెల్ పోయుంటుంది. కొత్త బ్యాటరీ దొరికే మోడలైతే దాని ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి.

టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ పడకపోయినా, కీబోర్డ్ మధ్యలో ఉబ్బినట్టున్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని ఛార్జ్ చేయొద్దు, గుచ్చొద్దు, నొక్కి సరిచేయాలని చూడొద్దు. అమ్మేవారు బ్యాటరీ తీయించాకే మిగతా మాట.

మూత తెరిస్తే కిర్రుమంటుంది, అంచు విడిపోతోంది

బడ్జెట్ మోడళ్లలో హింజ్ (మూతను పట్టి ఉంచే కీలు) మరలు ప్లాస్టిక్‌లో దించిన, చిన్న గొట్టాల్లాంటి ఇత్తడి గుళ్లలో బిగుస్తాయి. హింజ్ బిగుసుకుపోయాక మూత తెరిచిన ప్రతిసారీ ఆ గుళ్లు ప్లాస్టిక్‌ను పెకలించుకుంటూ వస్తాయి. మొదట్లోనే చూస్తే హింజ్ మరను కొద్దిగా వదులు చేస్తే చాలు. గుళ్లు ఊడాక జిగురుతో అతికించినా ఎక్కువ రోజులు నిలవదు, ఆ కేసే మార్చాలి. మూతను ఒక మూల పట్టుకుని నెమ్మదిగా తెరిచి, స్క్రీన్ కింది అంచులో చీలిక కనిపిస్తోందేమో చూడండి.

ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడుగుతోంది

విండోస్ పాస్‌వర్డ్ అయితే పర్లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పోతుంది. కంపెనీ గుర్తు దగ్గరే ఆగి అడిగితే అది బయోస్ పాస్‌వర్డ్, డిస్క్ మార్చినా పోదు. ఆఫీసుల నుంచి బయటికొచ్చిన మెషీన్లయితే విండోస్ కొత్తగా వేసి నెట్ కలిపాక 'ఇది ఫలానా సంస్థది' అంటూ వాళ్ల లాగిన్ అడగొచ్చు. మ్యాక్‌బుక్‌లకు యాక్టివేషన్ లాక్ (పాత యజమాని యాపిల్ ఖాతాకు ముడిపడిన తాళం) ఉండొచ్చు. క్రోమ్‌బుక్‌కు అప్‌డేట్లు ఆగే తేదీ ముందే రాసిపెట్టి ఉంటుంది, సెట్టింగ్స్‌లో చూడండి. ఏ లాక్ ఉన్నా అమ్మేవారు మీ ముందే తీసి, రీసెట్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూపించాలి. 'మీరు తీసుకెళ్లండి, పాస్‌వర్డ్ ఫోన్‌లో చెబుతా' అంటే డబ్బులు జేబులోంచి తీయకండి.